ఏడూ యాభై రెండుకి నేను ప్లగ్గులో లేను

నేను ఒక హెయిర్ డ్రయ్యర్‌ని. పన్నెండు వందల వాట్లు. గులాబీ రంగు ఒళ్లు, మడిచిపెట్టుకునే పిడి, రెండు స్విచ్చులు: ఒకటి గాలికి, ఒకటి వేడికి. నా అట్టపెట్టె మీద ఒకమ్మాయి జుట్టు ఎగరేసుకుంటూ నవ్వుతూ ఉండేది. ఆవిడని నేనెప్పుడూ కలవలేదు. నాకు తగిలిన జుట్లన్నీ చిక్కులు పడినవే.

ప్రస్తుతం నా మకాం కోనసీమలో, పేరు చెబితే గొడవలొచ్చే ఒక ఇంజనీరింగు కాలేజీలో, ఫిజిక్స్ హెచ్‌ఓడీ గారి ఏసీ గదిలో, అద్దాల బీరువాలో. నా మెడకి దారంతో ఒక చీటీ కట్టారు. 'ఫ్యూజు పోవుటకు కారణమైన పరికరము' అని దాని మీద రాసి, కింద సంతకం, తేదీ. నా పక్కనే ఒక టెలిస్కోపు. మా మధ్య జానెడు దూరం. ఒకరికొకరు కావలసిన ఇద్దరిని ఇంత దగ్గరగా పెట్టి, ఇద్దరినీ ఎందుకూ పనికిరాకుండా చేయడం మనుషులకే చేతనవుతుంది.

నన్ను ఉత్తరాదిలో ఎక్కడో ఒక రేకుల షెడ్డులో చేశారు. మైకా రేకుల చుట్టూ సన్నటి తీగ చుట్టి, వెనక చిన్న మోటారు బిగించారు. తీగ ఎర్రబడాలి, మోటారు గాలి విసరాలి. నా చదువంతా అంతే. పరీక్షించే అమ్మాయి నన్ను ఆన్ చేసి, మూడు సెకన్లు తన చేతుల మీదకి తిప్పుకుంది. అది పరీక్ష కాదు, షెడ్డులో చలిగా ఉంది. తర్వాత స్టిక్కరు అంటించి పంపేసింది.

నన్ను మొదట కొన్నది మాణిక్యం గారు. టౌన్లో బస్టాండు వెనక మేడ మీద ఆవిడ బ్యూటీ పార్లరు. ఆరేళ్లు అక్కడ పనిచేశాను. పెళ్లికూతుళ్లు, పెళ్లికూతుళ్ల అక్కలు, ఆడపడుచులు, ఇంటర్ ఫేర్‌వెల్ అమ్మాయిలు, ఎంతమంది తలలు ఆరబెట్టానో లెక్కలేదు. నా మోత వల్ల పక్కవాళ్లకి వినపడదనుకుని అక్కడ ఆడవాళ్లు చెప్పకూడనివన్నీ చెప్పుకునేవాళ్లు. నిజానికి నా మోతలో వినపడాలంటే గట్టిగా అరవాలి. దాంతో రహస్యాలన్నీ అరుపులుగా బయటికొచ్చేవి. కింద బట్టలకొట్టు వాళ్లకి కూడా తెలిసిపోయేవి. అందరూ ఏమీ విననట్టు ఉండేవాళ్లు. మనుషులు ఒకరికొకరు చేసుకునే పెద్ద సాయం అదేనని నాకు అక్కడ అర్థమైంది.

ఆ తర్వాత మాణిక్యం గారు నల్లగా, మగాడి గొంతుతో మోగే కొత్త డ్రయ్యర్ తెచ్చుకున్నారు. నేను సొరుగులోకి వెళ్లాను, పాత గోరింటాకు కోన్ల మధ్యకి.

అక్కణ్ణుంచి నన్ను బయటికి తీసింది ధరణి. మాణిక్యం గారి అక్క కూతురు. ఇంజనీరింగు మూడో ఏడు, ఎలక్ట్రానిక్స్. ఎప్పుడూ క్లిప్పు జారిపోతున్న జుట్టు, చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్.

"పిన్నీ, ఇది తీసుకెళ్తున్నా."

"తల ఆరబెట్టుకోడానికా? నీకెప్పట్నించే ఇంత శ్రద్ధ?"

"నాకు కాదు. టెలిస్కోపుకి."

మాణిక్యం గారు కస్టమర్ కనుబొమ్మ మీద దారం ఆపి మరీ ధరణి కేసి చూశారు. "దానికి ఐబ్రోస్ కూడా చేయించాలేమో, ఆదివారం తీసుకురా," అన్నారు.

నన్ను మొదటిసారి కాలేజీ మేడ మీదకి తీసుకెళ్లిన సాయంత్రం నాకు బాగా గుర్తు. చుట్టూ కొబ్బరిచెట్ల తలలు, వాటి వెనక చేపల చెరువులు, అటు నుంచి వచ్చే గాలి. కోనసీమ గాలంటే సగం నీళ్లే. మేడ మధ్యలో మూడు కాళ్ల మీద ఆ టెలిస్కోపు నిలబడి ఉంది. పొట్టిగా, లావుగా, డ్రమ్ములా. మూతి నిండా పళ్లెం అంత గాజు బిళ్ళ. కాలేజీలో చదివి పైకొచ్చిన ఒకాయన దాన్ని బహుమతిగా ఇచ్చారట. ఆయన పేరు, కాలేజీ పేరు కలిపి బంగారు అక్షరాల స్టిక్కరు గొట్టం మూతి దగ్గర అంటించారు.

ఆకాశం కేసి మొహం పెట్టుకుని కూర్చున్న ఏ వస్తువైనా తన వేడిని పైకి వదిలేసుకుంటూ ఉంటుంది. గంట గడిచేసరికి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. చల్లబడ్డ గాజు మీద గాలిలో నీళ్లు వచ్చి కూర్చుంటాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు. ముందు చుక్కల చుట్టూ చిన్న పొగ కనిపిస్తుంది. తర్వాత చుక్కలు పోతాయి. చూసేవాళ్లు మబ్బు పట్టిందనుకుంటారు. మబ్బు ఆకాశంలో ఉండదు, మూతి మీద ఉంటుంది. దాన్ని పోగొట్టడమే నా పని.

మొదటిరోజు ధరణి నన్ను ఫుల్ వేడిలో పెట్టి గాజుకి ఆనించినంత దగ్గరగా అయిదు నిమిషాలు కొట్టింది. తేమ పోయింది. చుక్క మాత్రం నూనెలో పడ్డ ఆవగింజలా ఎగరడం మొదలుపెట్టింది. గాజు వేడెక్కితే దాని మీద గాలి కూడా మరుగుతుందని ఆ రోజు తెలిసింది. నోట్‌బుక్‌లో రాసుకుంది. మరుసటి శనివారం సగం వేడి, మూరెడు దూరం, గుండ్రంగా తిప్పుతూ రెండు నిమిషాలు. చుక్క నిలబడింది. ఆ తర్వాత ఆ పద్ధతి మార్చలేదు. యోగా చాప కోసి, గాజు ముందుకి మూరెడు పొడుగొచ్చేలా ఒక నల్ల తొడుగు కూడా కుట్టింది. అది ఉంటే తేమ ఆలస్యంగా పట్టేది, నాకు పని తగ్గేది.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండేది: చూడాల్సిన టైముకి రెండు గంటల ముందే బయట పెట్టాలి. గది ఉష్ణోగ్రత వేరు, బయటిది వేరు. గొట్టం, అద్దం, గాజు, లోపలున్న గాలి అన్నీ బయటి గాలికి అలవాటు పడాలి. మనుషులు కొత్తచోటికి వస్తే టిఫిన్లు పెట్టి, కుర్చీ వేసి, అలవాటు పడనిస్తారు. వస్తువుల దగ్గరికొచ్చేసరికి ఆ మర్యాద గుర్తుండదు.

ఇక్కడే సత్తిరాజు గారు కథలోకి వస్తారు. ఫిజిక్స్ హెచ్‌ఓడీ. చెడ్డవారు కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఆయనకి టెలిస్కోపంటే ప్రాణం. ఉప్పుగాలికి పాడైపోతుందని దాన్ని తన గదిలోనే పెట్టుకుని, పద్దెనిమిదిలో ఏసీ వేసి, ఆదివారాలు కూడా ఆపనిచ్చేవారు కాదు. శనివారం సాయంత్రం అయిదింటికి తాళం తీసి ధరణికి ఇచ్చేవారు. ఎనిమిదింటికి ఆమె పని మొదలయ్యేది. మధ్యలో ఆ మూడు గంటలు అదేం చేస్తోందని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఆ కార్తీకమాసంలో ఒక సంగతి జరగబోతోందని ధరణి ఆగస్టు నుంచే లెక్కలు కడుతోంది. ఆకాశంలో తిరిగే రాయి ఒకటి, గ్రహశకలం అంటారు, ఒక చుక్కకి సరిగ్గా అడ్డం రాబోతోంది. ఆరు సెకన్లు ఆ చుక్క ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. దాని నీడ నేల మీద నలభై కిలోమీటర్ల వెడల్పున ఒక పట్టీలా పరుగెడుతుంది. ఆ పట్టీలో నిలబడి, చుక్క ఎప్పుడు ఆరిందో ఎప్పుడు వెలిగిందో రికార్డు చేస్తే, ఆ రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఆ నీడ సముద్రం మీంచి వచ్చి కోనసీమ మీదుగా పోతుంది. పట్టీలో టెలిస్కోపు, కెమెరా రెండూ ఉన్న చోటు మా మేడ ఒక్కటే. టైము సాయంత్రం ఏడూ యాభై రెండు.

ధరణికి అది మొదటి కొలత. దేశదేశాల వాళ్లు కొలతలు పంపే పట్టికలో తన పేరు, తన ఊరి పేరు, పక్కన ఒక అంకె. ఆ ఒక్క వరస ఉంటే కొండ మీది అబ్జర్వేటరీలో వేసవి శిక్షణకి అప్లై చెయ్యొచ్చు. దానికి హెచ్‌ఓడీ గారి ఉత్తరం కూడా కావాలి. ఆయన ఇస్తానన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. ఆయన సంతోషం పట్టలేక వెళ్లి కాలేజీని నడిపే కరస్పాండెంట్ గారికి చెప్పారు.

కరస్పాండెంట్ గారు దాన్ని ప్రారంభిస్తానన్నారు. గ్రహశకలాన్ని ఎలా ప్రారంభిస్తారో నాకు ఇప్పటికీ తెలియదు. ఫ్లెక్సీ వేశారు. సెమినార్ హాల్లో సభ, తర్వాత మేడ మీద వీక్షణం. టెలిస్కోపుని సభలో వేదిక మీద పెట్టాలి, దండ వెయ్యాలి, పత్రికలవాళ్లు ఫొటో తీసుకోవాలి. సెమినార్ హాలు కూడా ఏసీయే.

ఆ రోజు ధరణి పొద్దున్నించి సత్తిరాజు గారి చుట్టూ తిరిగింది. నాలుగింటికే పైన పెట్టేద్దామంది. కావాలంటే వేదిక మీద టెలిస్కోపు ఫొటో పెడదామంది. గాజు చల్లగా ఉండగా బయటికి తీస్తే ఏమవుతుందో నోట్‌బుక్ తెరిచి చూపించింది. ఆయన అంకెలు శ్రద్ధగా చూశారు కూడా. "నువ్వన్నది ఫిజిక్సమ్మా, కాదన్ను. కానీ దండ ఎక్కడ వెయ్యమంటావు చెప్పు," అన్నారు.

యోగా చాప తొడుగు కూడా తీయించేశారు. బంగారు అక్షరాల స్టిక్కరు కనపడ్డం లేదట.

సభ ఆరున్నరకి మొదలవ్వాల్సింది ఏడింటికి మొదలైంది. ఏడూ ఇరవై అయిదుకి నలుగురు టెలిస్కోపుని మోసుకుంటూ మేడెక్కారు, మెడలో బంతిపూల దండతో. నేను ధరణి సంచిలోంచి చూస్తున్నాను. తలుపు దాటి బయటి గాలిలో పడగానే గాజు తెల్లబడిపోయింది. మెల్లగా కాదు, ఎవరో పాలు పోసినట్టు. గొట్టం మీంచి నీళ్లు చారలుగా కారి బంగారు అక్షరాల కింద బొట్లు కట్టాయి.

"ఏవమ్మా, దీనికి తలంటు పోసి తెచ్చేరా ఏంటి?" అంది కెమిస్ట్రీ మేడం. అందరూ నవ్వారు. ధరణి కూడా నవ్విందనుకున్నారు. సంచి జిప్పు లాగుతున్న ఆమె వేళ్లు నాకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి నాకు తెలుసు, నవ్వలేదు.

సత్తిరాజు గారు జేబురుమాలు తీసి గాజు తుడిచారు. ఒక్క క్షణం మెరిసింది, వెంటనే మళ్లీ తెల్లబడింది. మళ్లీ తుడిచారు. తుడవడం నీళ్లకి జవాబు, చలికి కాదు. పైగా ప్రతి తుడుపుకీ గాజు మీద ఒక సన్న గీత మిగిలింది. ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

మేడ మీద ఉన్నది ఒకటే స్విచ్ బోర్డు, మెట్లగది గోడకి. దానికి మైకు సెట్టు, ఫొటోల కోసం రెండు హాలోజన్ లైట్లు, టెలిస్కోపు కెమెరాలో పడేది అందరికీ తెర మీద చూపించడానికి ప్రొజెక్టరు పెట్టేశారు. ధరణి తెచ్చుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా లైట్లకే పోయింది. ఏడూ ముప్పై ఎనిమిదికి ఆమె లైట్ల ప్లగ్గు ఒకటి పీకి, నన్ను పెట్టి, వేడి ఫుల్‌కి తోసింది. సగం వేడికి టైము లేదు. చుక్క ఎగిరినా ఫరవాలేదు, కనపడితే చాలు.

అంత గట్టిగా నేనెప్పుడూ పనిచెయ్యలేదు. గాజు మధ్యలో ముందు రూపాయి బిళ్ళంత తేటపడింది, తర్వాత అరచెయ్యంత. తెర మీద బూడిదరంగులోంచి చుక్క బయటికొచ్చింది. చిన్నది, వణుకుతోంది, కానీ అదే. అది కనపడగానే ధరణి నోట్లోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. మాట కాదు.

నలభై సెకన్లు. అంతే, ఫ్యూజు పోయింది. మైకు, లైట్లు, ప్రొజెక్టరు, నేను, అన్నీ ఒకేసారి ఆగిపోయాం. అప్పుడు ఆకాశం ఎంత బాగా కనిపించిందో చెప్పలేను. దూరంగా ఎవరింటి మీదో ఆకాశదీపం ఒకటి వెలుగుతోంది. ఆ నిమిషంలో ఎవరూ పైకి చూడలేదు. అందరూ స్విచ్ బోర్డు కేసి చూశారు, ఎందుకంటే కరస్పాండెంట్ గారు ప్రసంగం మధ్యలో ఉన్నారు.

ఎలక్ట్రీషియన్ ఏసుపాదం ఫ్యూజు వేస్తూ నన్ను చూసి, "ఇదేంటండీ బాబూ, ఇస్త్రీపెట్టంత లాగుద్దండి," అన్నాడు. తిట్టలేదు, ఉన్నమాటే చెప్పాడు. సత్తిరాజు గారు నా ప్లగ్గు పీకి, వైరు చుట్టి చంకలో పెట్టుకున్నారు. మైకు మళ్లీ మోగింది. తెర వెలిగింది. నేను తేటపరిచిన అరచెయ్యంత మేరలోంచి చుక్క ఇంకా కనపడుతోంది. అంచుల నుంచి తేమ లోపలికి పాకుతోంది.

టైము ఏడూ నలభై అయిదు. ధరణి ఆయన దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది.

"సార్, రెండు నిమిషాలు మైకు, లైట్లు ఆపండి సార్. రెండే నిమిషాలు. వాటి బదులు ఇది పెడతాను."

"కరస్పాండెంట్ గారు మాట్లాడుతున్నారమ్మా."

"ఆయన తర్వాతైనా మాట్లాడొచ్చు సార్. అది మళ్లీ రాదు."

ఆయన ఆమె కేసి చూశారు, మైకు ముందున్న కరస్పాండెంట్ గారి కేసి చూశారు. ఆయన చంకలో ఉన్న నాకు ఆయన గుండె చప్పుడు వినపడింది. చాలా వేగంగా కొట్టుకుంటోంది. ఆమె చెప్పింది నిజమని ఆయనకి తెలుసు. "నన్ను ఇబ్బంది పెట్టకమ్మా," అన్నారు.

ధరణి వెనక్కి వెళ్లి గొట్టం మూతి చుట్టూ రెండు అరచేతులూ గట్టిగా ఆనించింది. ఒంటి వేడితో ఏమైనా అవుతుందేమోనని. మనిషి ఒంటి వేడి ఎన్ని వాట్లో ఆమెకి తెలుసు, చాలదనీ తెలుసు.

ఏడూ నలభై తొమ్మిదికి తెర మీద చుక్క పొగబారింది, చిన్నదైంది, ఆరిపోయింది.

చప్పట్లు మోగాయి.

ముందు ఎవరు కొట్టారో తెలియదు. "పోయింది, పోయింది," అని ఎవరో అన్నారు, అందరూ అందుకున్నారు. కరస్పాండెంట్ గారు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు, తనే ఆర్పినట్టు. మన విద్యార్థులు మూడు నిమిషాలు ముందుగానే సాధించారని మైకులో చెప్పారు. ఫొటోలు తీశారు. చుక్క ఆరింది గాజు మీది తేమ వల్లేనని తెలిసినవాళ్లు ఆ మేడ మీద ముగ్గురం: ధరణి, సత్తిరాజు గారు, నేను. చుక్క మళ్లీ వెలగలేదేమని ఎవరూ అడగలేదు. ఏడూ యాభై రెండు అయినప్పుడు సమోసాలు పంచుతున్నారు. ధరణి ఒక్కతే ఖాళీ తెర కేసి చూస్తూ నిలబడింది. పైన ఆ రాయి ఆ చుక్క ముందు నుంచి వెళ్లిందో లేదో, ఎన్ని సెకన్లు వెళ్లిందో, ఆ సంగతి అక్కడితో పోయింది.

మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ మర్నాడు సత్తిరాజు గారు ధరణిని గదికి పిలిచి రిపోర్టు ఫారం ఇచ్చారు. నేను అప్పటికే బీరువాలో ఉన్నాను. ఆరింది ఏడూ యాభై రెండూ పది సెకన్లు, వెలిగింది ఏడూ యాభై రెండూ పదహారు అని పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచారు. ముందే ఇచ్చిన అంచనాలో ఉన్న అంకెలే. మొదటి పేరు నీదే, నాది రెండోది, అన్నారు. అబ్జర్వేటరీకి ఉత్తరం కూడా టైపు చేయించి టేబుల్ మీద పెట్టారు, సంతకం ఒక్కటే తరువాయి. ఇందులో ఎవరికీ నష్టం లేదని ఆయన చాలాసేపు, చాలా మెత్తగా చెప్పారు.

ధరణి ఫారం తీసుకుంది. పెన్సిలు అంకెలు రబ్బరుతో చెరిపి, పెన్నుతో ఒక వాక్యం రాసింది. చుక్క కనపడలేదు, కారణం గాజు మీద తేమ. ఫారం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక ఆయన సొరుగులోంచి ఇంకో ఫారం తీసి, అవే అంకెలు ఈసారి పెన్నుతో రాశారు.

కొన్నాళ్లకి పట్టిక తయారుచేసేవాళ్ల నుంచి జవాబొచ్చింది, అసలు వీడియో పంపమని. కరెంటు పోవడం వల్ల చెరిగిపోయిందని ఆయన రాశారు. కరెంటు ఎందుకు పోయిందంటే ఒక విద్యార్థిని అనుమతి లేకుండా హెయిర్ డ్రయ్యర్ పెట్టడం వల్లట. నా మెడకి చీటీ పడింది ఆ రోజే. ఆఖరికి వచ్చిన పట్టికలో మా ఊరి పేరుంది. దాని పక్కన అంకె లేదు. 'పరిగణించలేదు' అని ఉంది. ఆ రాయి ఎంత పెద్దదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఉత్తరం మీద సంతకం పడలేదు.

ఏడాదిన్నర తర్వాత ధరణి ఆ గదికి మళ్లీ వచ్చింది, చదువైపోయి, నో డ్యూస్ సంతకం కోసం. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. చెన్నైలో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. ఆయన సంతకం పెట్టి, ఇబ్బందిగా బీరువా కేసి చూపించారు.

"నీ డ్రయ్యర్ తీసుకెళ్లమ్మా. ఇంకెందుకులే ఇక్కడ."

ధరణి దగ్గరికొచ్చింది. నాకేసి చూసింది, పక్కన టెలిస్కోపు కేసి చూసింది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ బయటికి తియ్యలేదు. బంతిపూల దండ ఎండిపోయి దాని మెడలో అలాగే ఉంది.

"ఉంచండి సార్," అంది. "ఇంకోసారి బయటికి తీస్తే కావాల్సొస్తుంది."

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. నన్ను వదిలేసిందని నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. మాణిక్యం గారి సొరుగులో గోరింటాకు వాసనైనా ఉండేది.

వేసవిలో ఇక్కడ మధ్యాహ్నాలు కరెంటు పోతూ ఉంటుంది. ఏసీ ఆగిపోతుంది. అటెండరు వచ్చి ఉక్కపోతని కిటికీలు తీసేస్తాడు, సత్తిరాజు గారేమో బీరువా తలుపు కూడా కాస్త తెరిచి ఉంచమంటారు, లోపల బూజు పడుతుందని. చెరువుల మీంచి ఆ గాలి వస్తుంది. నా పక్కన గాజు తెల్లబడుతుంది. ముందు గీతల వెంట, తర్వాత మొత్తం. ఒక్కోసారి సత్తిరాజు గారు లేచి వచ్చి, జేబురుమాలు తీసి, కాసేపు నాకేసి చూసి, తుడుస్తారు.